తైవాన్ దీవి చుట్టూ, కార్తీక మాసంలో, అత్తయ్యతో

తైవాన్ వెళ్తున్నాం అంటే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది థాయిలాండ్ అనుకున్నారు, తిరిగొచ్చాక "బ్యాంకాక్ ఎలా ఉంది" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని వదిలేస్తే, నిజంగా వెళ్దాం అనుకునేవాళ్ళు మాత్రం ఒకటే అడుగుతున్నారు, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా, తిండి దొరుకుతుందా, గ్రూప్ టూరా సొంతంగానా అని. ఒక్కొక్కళ్ళకీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. మేం వెళ్ళింది 2024 నవంబరు రెండో సగంలో, నేను, మా ఆయన, డెబ్భై దాటిన మా అత్తయ్య. కార్తీక మాసం నడుస్తోంది కాబట్టి అత్తయ్యకి ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. గుడ్డు సంగతి సరే, ఎప్పుడూ తినదు.

ముందు వీసా సంగతి. మన దగ్గర తైవాన్‌కి ఎంబసీ అనే బోర్డు ఉండదు, తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ అని ఉంటుంది, ఢిల్లీ, ముంబై, చెన్నైల్లో ఉన్నాయి, మన తెలుగు రాష్ట్రాల వాళ్ళు చెన్నైకే పంపాలి. కానీ మా ముగ్గురికీ ఆ అవసరం రాలేదు, ఎందుకంటే మనవడు పుట్టినప్పుడు తీసుకున్న అమెరికా వీసాలు ఉన్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) వీసాల్లో ఏదో ఒకటి ఉంటే, పదేళ్ళ లోపు గడువు అయిపోయినది ఉన్నా సరే (అయిపోయినదానికి అది వాడినట్టు రుజువు చూపించాలి), ఆన్‌లైన్‌లో ట్రావెల్ ఆథరైజేషన్ సర్టిఫికెట్ అని ఒకటి ఫ్రీగా ఇస్తారు. 90 రోజులు చెల్లుతుంది, వెళ్ళినప్పుడల్లా 14 రోజులు ఉండొచ్చు. ప్రింట్ తీసి పెట్టుకోవాలి. పిల్లల పురుళ్ళకి అమెరికా వెళ్ళొచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు మన దగ్గర వీధికి నలుగురు ఉంటారు, వాళ్ళందరికీ ఈ దారి ఉందని చాలామందికి తెలీదు.

టూరు ఎంచుకోవడానికి మాత్రం టైమ్ పట్టింది. నలభై మందిని పెద్ద బస్సులో ఎక్కించేవి చవకే కానీ వాటిలో రోజుకో నగల షాపు, టీ షాపు, పగడాల షాపు ఉంటాయి. చిన్న గ్రూపు అంటే పది పన్నెండు మంది, చిన్న బస్సు, ఒక గైడు, ఒక డ్రైవరు, దీవి చుట్టూ ఒక రౌండు. డబ్బు కట్టకముందే నేను ఒక మెయిల్ పెట్టాను, మాలో ఒకావిడ మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ తినరు, ప్రతి పూటా ఎక్కడ ఏం పెడతారో చెప్పండి అని. ఒక కంపెనీ "డోంట్ వర్రీ, సలాడ్ ఉంటుంది" అంది. ఇంకో కంపెనీ నుంచి ఏకంగా గైడే జవాబిచ్చింది, పాలు తాగుతారా లేదా, వేరే వాళ్ళు మాంసం తింటున్న టేబుల్ దగ్గర కూర్చుంటారా లేదా అని తిరిగి రెండు ప్రశ్నలు వేసింది. అక్కడే బుక్ చేశాం. విమానం కాకుండా మనిషికి లక్షన్నర దాటింది, చవక కాదు.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, బ్యాంకాక్ మీదుగా వెళ్ళాం. గైడు యాభై ఏళ్ళ మనిషి, మెడలో లైసెన్స్ కార్డు, భుజాన పెద్ద సంచి, చేతిలో ఎప్పుడూ ఫోను. మొదటి రోజే అత్తయ్యని "ఆమా" అని పిలవడం మొదలెట్టింది, అంటే వాళ్ళ భాషలో మామ్మగారు. మాతో పాటు ఆస్ట్రేలియా జంట ఒకటి, మలేషియాలోని పెనాంగ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, కెనడా నుంచి ఒక రిటైర్డ్ టీచరు, ఇంకొంతమంది. అక్కచెల్లెళ్ళకి హొక్కియెన్ (తైవాన్‌లోనూ మాట్లాడే ఒక చైనీస్ భాష) వచ్చు కాబట్టి డ్రైవరుతో కబుర్లు వాళ్ళవే.

తైపే గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. తైపే 101 ఎక్కాం, 508 మీటర్లు, లిఫ్టు 5వ అంతస్తు నుంచి 89కి 37 సెకన్లలో తీసుకెళ్తుంది, పైన 660 టన్నుల పెద్ద ఇనప గోళం ఒకటి వేలాడదీసి ఉంటుంది, గాలికీ భూకంపానికీ బిల్డింగ్ ఎటు ఊగితే ఇది దానికి ఎదురు ఊగి ఊపు తగ్గిస్తుంది. మా ఆయన సివిల్ ఇంజినీరు, గోళం దగ్గర్నుంచి కదల్లేదు. మెట్రోలో మాత్రం జాగ్రత్త, గేటు దాటాక తినడం, తాగడం ఏదీ కుదరదు, చూయింగ్ గమ్ కూడా, ఫైను 7,500 తైవాన్ డాలర్ల దాకా ఉంది, అంటే మన లెక్కలో దగ్గర దగ్గర ఇరవై వేలు. అత్తయ్య సంచిలో చేగోడీలు ఉన్నాయని తెలిసి గైడు ఆ సంచి తన దగ్గరే పెట్టుకుంది. సాయంత్రం వీధిలో మ్యూజిక్ పెట్టుకుంటూ ఒక పసుప్పచ్చ బండి వస్తే ఐస్‌క్రీమ్ బండేమో అనుకుంటాం, అది చెత్త బండి, బీథోవెన్ ట్యూన్ వాయిస్తూ వస్తుంది, జనం చెత్త సంచులు పట్టుకుని పరిగెత్తుకొస్తారు.

ఇక తిండి. తైవాన్‌లో బౌద్ధుల శాకాహారం అని ఒక పద్ధతి ఉంది, దాంట్లో మాంసం, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతివి కూడా నిషేధం. మన కార్తీక నియమమే, వాళ్ళకి ఏడాదంతా. చాలా శాకాహార హోటళ్ళ బోర్డు మీద స్వస్తిక్ గుర్తు ఉంటుంది (మన దానికి తిరగేసి), అత్తయ్యకి రెండో రోజుకే దూరం నుంచి కనిపెట్టడం వచ్చేసింది. ప్యాకెట్ సరుకుల మీద కూడా పూర్తి శాకాహారమా, పాలు ఉన్నాయా, గుడ్డు ఉందా, ఉల్లి వెల్లుల్లి ఉన్నాయా అని విడివిడిగా రాయాలని రూలు. చైనీస్ చదవడం రాకపోయినా గైడు ఆ అక్షరాల ఫోటోలు మా ఫోన్లలో పెట్టింది, సెవెన్ ఎలెవెన్ అనే చిన్న సరుకుల షాపుల్లో సరిపోల్చుకుని కొనుక్కునేవాళ్ళం. రుచి మాటకొస్తే ఉప్పు, కారం రెండూ తక్కువ, అత్తయ్య ప్రతి పూటా పర్సులోంచి కరివేపాకు పొడి తీసేది. సోయాతో చేసిన నకిలీ చేప, నకిలీ కోడి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ ముట్టుకోలేదు, "శాకాహారం తినేవాళ్ళకి చేప ఆకారం ఎందుకమ్మా" అని గైడుని నిలదీసింది, నేను ట్రాన్స్‌లేట్ చేశా, గైడు నవ్వి తప్పించుకుంది. మా ఆయన నైట్ మార్కెట్‌లో కంపు టోఫు తిన్నాడు. బాగుందన్నాడు. ఆ రాత్రి హోటల్ రూములో కిటికీ తెరిచి పడుకున్నాం.

నేను గమనించిందేంటంటే, ఈ టూరులో మనం డబ్బిచ్చేది చూసే చోట్లకి కాదు, ఆ గైడు ఫోన్ కాల్స్‌కి. బస్సు ఎక్కగానే మైకులో పది నిమిషాలు చెప్పి, ఇక ఫోన్ మీదే. మధ్యాహ్నం హోటల్‌కి ఒకటి, రాత్రి హోటల్‌కి ఒకటి, రోడ్డు డిపార్ట్‌మెంట్ యాప్ ఒకటి, వాతావరణం ఒకటి. పడమటి వైపు ఉన్నన్నాళ్ళూ నాకు ఇది అర్థం కాలేదు, తూర్పు వైపుకి వచ్చాక తెలిసింది.

సన్ మూన్ లేక్ సముద్ర మట్టానికి 748 మీటర్ల ఎత్తున కొండల మధ్య చెరువు. బోటులో తిప్పుతారు, మధ్యలో లాలూ అనే బుజ్జి లంక, అది థావో అనే ఆదివాసుల పవిత్ర స్థలం, వాళ్ళు వెయ్యి మంది కూడా లేరు. బోటు దిగే రేవులో టీ నీళ్ళల్లో ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతారు, అందరూ క్యూ, అత్తయ్య ముక్కు మూసుకుని మెట్లెక్కేసింది. నాకు ఆశ్చర్యం పైన గుళ్ళో ఎదురైంది. అది హుయాన్‌త్సాంగ్ గుడి. మన ఏడో తరగతి సోషల్‌లో హర్షవర్ధనుడి పాఠంలో వచ్చే హుయాన్‌త్సాంగే. ఆయన అస్థిక భాగం ఒకటి యుద్ధకాలంలో చైనా నుంచి జపాన్ చేరి, 1955లో అక్కడి నుంచి తైవాన్‌కి వచ్చింది, ఇప్పుడు ఈ చెరువు గట్టున ఉంది. ఆయన మన ధాన్యకటకం, అంటే అమరావతి దాకా వచ్చాడు కదా, ఆ మాట గైడుకి చెప్తే నోట్‌బుక్ తీసి రాసుకుంది, ఆ ఊరి పేరు రెండుసార్లు పలికించుకుని మరీ. అత్తయ్య పుట్టిల్లు తుళ్ళూరు దగ్గరే. "మా ఊరు చూసి వెళ్ళినాయన" అని ఆవిడ అక్కడ చాలాసేపు కూర్చుంది, మిగతావాళ్ళు బోటు దగ్గర ఎదురు చూస్తున్నారని నాకు కంగారు, గైడు మాత్రం చెయ్యి ఊపి ఉండనివ్వమంది, తర్వాత ఆగాల్సిన ఒక షాపింగ్ స్టాప్ కొట్టేసింది. దానికి ఎవరూ ఏడవలేదు.

ఆ పక్కనే యూచీలో టీ తోటలు, 1925లో, అప్పట్లో తైవాన్‌ని ఏలుతున్న జపాన్ వాళ్ళు మన అస్సాం విత్తనాలు తెచ్చి నాటిన చోటు. ఇప్పుడు 18వ నంబరు అని ఒక ఎర్ర టీ అమ్ముతారు, 1999లో విడుదల చేసిన రకం, పుదీనా, దాల్చినచెక్క కలిసినట్టు వాసన. పాలు పోయకుండా ఇస్తారు. అత్తయ్య పాలు అడిగింది, షాపావిడ ముఖం చూడాలి.

ఆలీషాన్ గురించి పెద్దవాళ్ళున్నవాళ్ళు జాగ్రత్తగా చదవండి. చియాయీ ఊరి నుంచి 30 మీటర్ల ఎత్తులో బయల్దేరే చిన్న రైలు 2,216 మీటర్ల దాకా ఎక్కుతుంది, జపాన్ వాళ్ళు దుంగలు దింపుకోవడానికి 1912లో మొదలెట్టిన లైను. 2009 మొరాకొట్ తుఫానులో తెగిపోయి, మొత్తం లైను మళ్ళీ 2024 జూలైలోనే తెరిచారు. మేం బస్సులోనే ఎక్కాం, రైలు టికెట్లు దొరకడం కష్టం. రాత్రి చలి బాగా ఉంది, స్వెట్టరు చాలదు. తెల్లవారుజామున జుషాన్ స్టేషన్‌కి వేరే రైలు, 2,451 మీటర్లు, సూర్యోదయం టైమ్‌ని బట్టి రైలు టైమ్ ముందురోజు మధ్యాహ్నం చెప్తారు. పైన మైకు పట్టుకుని ఒకాయన ఎండు పళ్ళు అమ్ముతూనే కామెంటరీ చెప్తాడు, ఇప్పుడొస్తాడు సూర్యుడు, కుడివైపు చూడండి, పది, తొమ్మిది అని. యూషాన్ కొండల వెనక నుంచి వచ్చాడు, 3,952 మీటర్ల శిఖరం అది, బాగుంది, కానీ దానికంటే నాకు దిగేటప్పుడు చూసిన ఎర్ర సైప్రస్ చెట్లు నచ్చాయి. అడవిలో మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు స్టేషన్ దగ్గరే ఆగడం మేలు. అత్తయ్య సూర్యోదయానికి రాలేదు, రూములోనే సూర్య నమస్కారం చేసుకున్నానంది.

టైనాన్‌లో ఒక పూటే ఉన్నాం, నాకు చాల్లేదు. 1624లో డచ్ వాళ్ళు మొదలెట్టిన కోట ఉంది, మేం వెళ్ళిన ఏడాది ఊరంతా 400 ఏళ్ళ పండగ తోరణాలు. బంకబియ్యం, చక్కెర పాకం, ఆల్చిప్పల సున్నం కలిపి కట్టిన ఇటుక గోడ ఒకటి ఇంకా నిలబడే ఉంది. మన మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకుని కలంకారీ బట్టలు ఎగుమతి చేసిన డచ్ కంపెనీయే ఇక్కడా. 1662లో కోషింగా అనే చైనా సేనాని వాళ్ళని వెళ్ళగొట్టాడు.

కౌషియుంగ్ దగ్గర ఫో గువాంగ్ షాన్ బుద్ధ మ్యూజియం 2011లో తెరిచారు, రెండు వైపులా కలిపి ఎనిమిది గోపురాలు, చివర పీఠంతో కలిపి 108 మీటర్ల బుద్ధుడు. లోపల ఉన్న దంతధాతువు (బుద్ధుడిదని చెప్పే పన్ను) 1998లో మన బుద్ధగయలో ఒక టిబెటన్ లామా ఇచ్చినదట. అక్కడి శాకాహార బఫేలో అత్తయ్య మొదటిసారి రెండోసారి వడ్డించుకుంది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

దక్షిణం కొసన హెంగ్‌చున్, కెన్‌డింగ్. ఎండ, సముద్రం, 1883 నాటి ఎల్వాన్‌బీ లైట్‌హౌస్, అంతా పోస్ట్‌కార్డులా ఉంటుందని చెప్పారు గానీ గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. చలికాలమంతా ఈశాన్య గాలి కొండ దాటి కిందకి దూకుతుంది అక్కడ, నిలబడనివ్వదు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు నేను ఒకవైపు, పెనాంగ్ అక్కగారు ఒకవైపు పట్టుకుని నడిపించాం, తర్వాత ఆవిడే తన బెల్టు తీసి చీర మీద కట్టింది. ఆ గాలి వల్లే అక్కడ ఉల్లిపాయలు బాగా పండుతాయని గైడు చెప్పింది, ఎవరికి చెప్పిందో చూడండి.

అక్కడి నుంచి తూర్పు. ఇక్కడి నుంచే టూరు కాగితం పక్కన పెట్టేయాలి. పడమటి వైపు హైస్పీడ్ రైలు, ఫ్యాక్టరీలు, ఊళ్ళ మీద ఊళ్ళు. తూర్పున ఒకవైపు పసిఫిక్, ఒకవైపు నిటారు కొండ, మధ్యలో రోడ్డు ఒకటి. మేం వెళ్ళడానికి కొన్ని వారాల ముందే, అక్టోబరు 31న, కాంగ్-రే తుఫాను టైటుంగ్ దగ్గరే తీరం దాటింది. దానికి ముందు ఏప్రిల్ 3న హువాలియెన్‌లో 7.2 భూకంపం. టారొకో లోయ దాదాపు అంతా మూతపడింది, బ్రోచర్ మీద అట్ట ఫోటో దానిదే. కెనడా టీచరు దానికోసమే వచ్చాడు పాపం, ముందే మెయిల్‌లో చెప్పినా ఏదో ఒక దారి ఉంటుందేమో అని గైడుని మూడు రోజులు అడుగుతూనే ఉన్నాడు. గైడు ఒకటే మాట, రాళ్ళు ఇంకా పడుతున్నాయి, నేను మిమ్మల్ని తీసుకెళ్ళను. బదులుగా టైటుంగ్ తీరంలో సాన్‌షియెన్‌తాయ్ దగ్గర ఎనిమిది వంపుల వంతెన, హువాలియెన్ దగ్గర చీషింగ్‌తాన్ గులకరాళ్ళ బీచ్‌లో ఎక్కువసేపు. ఒక అమీస్ తెగ కుటుంబం నడిపే హోటల్లో భోజనం పెట్టించింది, తైవాన్‌లో ప్రభుత్వం గుర్తించిన ఆదివాసీ తెగలు 16, అందులో అందరికంటే ఎక్కువమంది వీళ్ళే. ఏవో అడవి ఆకుకూరలు ఉడికించి పెట్టారు, ఒకటి మన పొన్నగంటి కూరలా ఉంది, అత్తయ్య వంటింట్లోకే వెళ్ళిపోయింది చూడ్డానికి.

హువాలియెన్‌లో నవంబరు 24 సాయంత్రం నేను మర్చిపోను. ప్రీమియర్ 12 అనే అంతర్జాతీయ బేస్‌బాల్ పోటీ ఫైనల్, టోక్యోలో, తైవాన్ జపాన్‌ల మధ్య. పొద్దుటి నుంచి డ్రైవరు మనిషి మనిషిలా లేడు. గైడు మేం అనుకున్న హోటల్ కాన్సిల్ చేసి పెద్ద టీవీ ఉన్న చోట బుక్ చేసింది, డ్రైవరు కోసమే అని మాకు అర్థమైంది, ఎవరం ఏమీ అనలేదు. బేస్‌బాల్ రూల్సు మాకేం తెలుసు, మా ఆయనకి పెనాంగ్ చెల్లెలు, అత్తయ్యకి మా ఆయన, అలా ఒకరికొకరు చెప్పుకుంటూ చూశాం. 4-0తో తైవాన్ గెలిచింది. వంటవాళ్ళు గరిటెలతో బయటికొచ్చేశారు. డ్రైవరు ఏడ్చాడు. జేబులోంచి 500 నోటు తీసి చూపించాడు, దాని మీద ఉన్నది బేస్‌బాల్ గెలిచి టోపీలు ఎగరేస్తున్న టైటుంగ్ స్కూలు పిల్లలు, అన్ని రోజులూ మేం ఆ నోటు ఇచ్చి టీ కొనుక్కుంటున్నాం, ఒక్కరం సరిగ్గా చూడలేదు. 

మర్నాడు వాన. హువాలియెన్ నుంచి ఉత్తరానికి కొండ అంచున పోయే సూహువా రోడ్డులో భూకంపం తర్వాత వాన పడితే రాళ్ళు జారతాయని ఎప్పుడు మూసేస్తారో తెలీదు. పొద్దున ఆరింటికి గైడు తలుపు కొట్టి చెప్పింది, మనం రైల్లో వెళ్తున్నాం, సామాను తీసుకుని డ్రైవరు రోడ్డు తెరిచుండగానే వెళ్ళిపోయాడు అని. టికెట్లు ఎలా దొరికాయి అంటే, తూర్పు లైన్లో బుకింగ్ 28 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే అందరికీ కొని పెట్టుకుందట, రోడ్డు బాగుంటే కాస్త కోతతో వెనక్కిచ్చేయొచ్చని. మొత్తం టూరులో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే. ఏదో ఒక చోట వాన పడుతుందని నెల ముందే అనుకుని ఉంచుకోవడం. నవంబరులో మనకి నెల్లూరు, చెన్నై వైపు వానలు తెచ్చే ఈశాన్య గాలే వాళ్ళకి ఇక్కడ వానలు తెస్తుంది, కాబట్టి ఈ నెలల్లో వెళ్తే దక్షిణంలో ఎండ, ఈశాన్యం మూల గొడుగు, ఇది రాసిపెట్టుకోండి.

యీలాన్ దగ్గర జియావ్‌షీలో వేడినీళ్ళ ఊటలు, పార్కులో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు, గంధకం వాసన ఉండదు. అత్తయ్యని అక్కడి నుంచి లేపడానికి అరగంట పట్టింది. తర్వాత 12.9 కిలోమీటర్ల షుయెషాన్ సొరంగం, 2006లో తెరిచినది, అటు దాటి షిఫెన్. రైలు పట్టాల మీద నిలబడి కాగితం దీపాలు ఎగరేసే ఊరు, రైలు రాగానే అందరూ పక్కకి పరుగు, వెళ్ళగానే మళ్ళీ పట్టాల మీదకి. మేం ఒకటి కొన్నాం, బ్రష్షుతో నాలుగు వైపులా కోరికలు రాయాలి. అత్తయ్య బ్రష్షు పట్టుకుని "ఆకాశదీపం అంటే గుళ్ళో ధ్వజస్తంభానికి కడతారు గానీ గాల్లోకి వదిలేస్తారా ఎక్కడన్నా, అది ఎవడి పాక మీద పడుతుందో" అంది. అయినా రాసింది, మనవడి పేరు, తర్వాత కాస్త ఆలోచించి గైడు పేరు కూడా అడిగి తెలుగులో రాసింది. ఆ మాట నిజమే, కింద పడ్డ తీగలు, కాగితాలు కొండంతా ఉన్నాయి, ఏరడానికి మనుషుల్ని పెట్టారట, నాకైతే రెండోసారి చేయాలనిపించదు. జియూఫెన్ వానలో మెట్లు, జనం, గొడుగు మీద గొడుగు, ఫోటోల్లో కనిపించే ఎర్ర దీపాలు ఉన్నాయి, మనుషులు మాత్రం ఫోటోల్లో కనిపించరు. 

చివరగా పనికొచ్చేవి నాలుగు. కరెంటు 110 వోల్టులు, మన ట్రావెల్ కుక్కర్లు, కెటిల్స్ సరిగ్గా వేడెక్కవు, ప్లగ్గు రెండు చదును పిన్నులది. మాంసం, పళ్ళు వెంట తీసుకెళ్ళొద్దు, ఎయిర్‌పోర్టులో చాలా స్ట్రిక్టు. టిప్పు గైడుకి, డ్రైవరుకి రోజు లెక్కన ఇవ్వాలని ముందే రాస్తారు, అది టూరు ధరలో ఉండదు, కలిపి లెక్కేసుకోండి. కొన్న ప్రతి బిల్లూ దాచుకోండి, వాటి మీద లాటరీ నంబరు ఉంటుంది, బేసి నెలల్లో 25న డ్రా తీస్తారు, విదేశీయులకీ వర్తిస్తుంది. మేం ఎయిర్‌పోర్టులో మా బిల్లులన్నీ గైడుకి ఇచ్చేశాం. తగిలితే సగం పంపిస్తానంది, అత్తయ్య మొత్తం నువ్వే ఉంచుకో అంది, జనవరి డ్రాలో ఏమీ తగల్లేదని మెసేజ్ వచ్చింది.

సొంతంగా వెళ్ళొచ్చా అంటే పడమటి వైపుకి హాయిగా వెళ్ళొచ్చు, రైళ్ళు అలా ఉన్నాయి. తూర్పుకి, అందులోనూ పెద్దవాళ్ళతో, తిండి నియమాలతో అయితే నేను మళ్ళీ గైడుతోనే వెళ్తా. మార్చి, ఏప్రిల్‌లో పూలు బాగుంటాయంటున్నారు, జూలై నుంచి సెప్టెంబరు దాకా తుఫాన్లు, ఆ నెలలు వదిలేయండి.